కోటీ ముప్ఫై లక్షలు... ఎక్కువేనా?

2025 నవంబర్ 27న ఢిల్లీలో మహిళల ప్రీమియర్ లీగ్ క్రికెట్ వేలం జరిగింది. అందులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీ చరణిని ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు కోటీ 30 లక్షల రూపాయలకు తీసుకుంది. అప్పటికి ఆమె వయసు 21 ఏళ్లు.

ఆ వార్త టీవీలో వచ్చిన సాయంత్రం మన లాల్‌దర్వాజా గల్లీల్లో వినిపించిన మాట ఒక్కటే. "ఆ పోరికి గన్ని పైసలెందుకే అక్కా?" ఈ మాట అన్నవాళ్లలో దుర్బుద్ధి ఉన్నవాళ్లెవరూ లేరు. పొద్దున్న అయిదింటికి లేచి, నీళ్లు పట్టి, పిల్లల్ని బడికి పంపి, మిగిలిన టైములో గాజులకు రాళ్లు అతికించి డజనుకింత అని లెక్కగట్టి తీసుకునే ఆడవాళ్లు వాళ్లు. చేతికొచ్చే ప్రతి రూపాయికీ ఎంత పని చేశామన్నది వాళ్లకు తెలుసు. అలాంటివాళ్లకి, ఒక ఆటగత్తెకు ఒక్క సీజనుకు కోటీ 30 లక్షలంటే అనుమానం రావడం సహజమే. కాబట్టి ఆ ప్రశ్నను కొట్టిపారెయ్యకుండా కాసేపు కూర్చుని తేల్చుకుందాం. ఇంతకీ ఆ అమ్మాయికి అంత సొమ్ము న్యాయమేనా?

ముందుగా 'వేలం' అనే మాట గురించి. మనకు వేలమంటే బ్యాంకులో కుదువ పెట్టి విడిపించుకోలేని బంగారం గుర్తొస్తుంది. అందుకే అమ్మాయి పేరు పిలిచి పాట పాడటం చూస్తే ఎక్కడో చివుక్కుమంటుంది. నాకూ అనిపించింది. కానీ మగపిల్లలకి 2008 నుంచీ ఇదే పద్ధతిలో వేలం పాడుతుంటే మనం చిప్స్ తింటూ చూశాం కదా! పైగా మన హైదరాబాదుకు వేలం పాట కొత్తేమీ కాదు. ప్రతి ఏడూ బాలాపూర్ గణపతి లడ్డూ పాట కోసం ఊరంతా ఎదురుచూస్తుంది. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2025లో 35 లక్షలకు చేరింది. అదే ఏడాది బండ్లగూడలోని విల్లాలవాళ్ల లడ్డూ రెండు కోట్ల 30 లక్షలు దాటింది. లడ్డూకు అంత ధర న్యాయమేనా అని అలియాబాద్‌లో గానీ నాగుల్‌చింతలో గానీ ఎవరైనా అడిగారా? భక్తి వేరు, ఆట వేరు అంటారేమో. సరే, ఒప్పుకుంటాను. కానీ ధర అన్నది వస్తువులో ఉండదని, పోటీ పడే చేతుల్లో ఉంటుందని ఆ లడ్డూ పాట చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే క్రికెట్ వేలం సగం అర్థమైనట్టే.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఊరు వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె. తండ్రి రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టులో ఉద్యోగి. చిన్నప్పుడు ఖోఖో, బ్యాడ్మింటన్, పరుగు పందేలు అన్నీ ఆడింది. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది 16 ఏళ్లు వచ్చాకే. నాన్న ఒప్పుకోవడానికి ఏడాది పట్టిందనీ, అమ్మ మాత్రం వెంటనే సంతోషించిందనీ ఆమే చెప్పింది. (మన ఇళ్లలో సాధారణంగా జరిగే దానికి ఇది తలకిందులు. 'ఎండకి నల్లబడతావే' అనేది అమ్మలే కదా!) ఎడమచేత్తో స్పిన్ వేస్తుంది. 2024 డిసెంబర్‌లో ఢిల్లీ జట్టు ఆమెను 55 లక్షలకు తీసుకునే నాటికి ఆమె భారత జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

నా దృష్టిలో అసలు చర్చ జరగవలసింది ఆ 55 లక్షల దగ్గర. కోటీ 30 లక్షలు వచ్చేసరికి ఆమె చేతిలో చూపించడానికి చాలా ఉంది. 2025 ఏప్రిల్‌లో కొలంబోలో శ్రీలంక మీద తొలి వన్డే ఆడింది. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో తొలి టీ20 ఆడి, ఇంగ్లండ్ మీద 12 పరుగులకే 4 వికెట్లు తీసింది. ఆ అయిదు మ్యాచ్‌ల సిరీస్‌లో 10 వికెట్లు తీసి, ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. తరవాత ప్రపంచకప్. అందులో 9 మ్యాచ్‌లలో 14 వికెట్లు. మన జట్టులో దీప్తి శర్మ తరవాత అంతకంటే ఎక్కువ తీసినవాళ్లు లేరు.

వికెట్ల లెక్క ఒక్కటే చూస్తే ఆమె విలువ పూర్తిగా తెలియదు. అక్టోబర్ 12న మన విశాఖపట్నంలో ఆస్ట్రేలియా 331 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి గెలిచిన రోజున మన బౌలర్లందరినీ చావబాదారు. ఆ రోజు కూడా ఆమె 10 ఓవర్లలో 41 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది. అదే ఆస్ట్రేలియా అక్టోబర్ 30న సెమీఫైనల్లో 338 పరుగులు చేసింది. అప్పుడు శ్రీ చరణి 10 ఓవర్లలో 49 పరుగులకు 2 వికెట్లు. వంటింటి భాషలో చెప్పాలంటే, పెళ్లివంటలో నలుగురు గాభరాపడి ఉప్పూ కారం తారుమారు చేస్తుంటే, పొయ్యి దగ్గర చెయ్యి వణక్కుండా నిలబడే మనిషి ఒకరుంటారు చూడండీ, అలాంటి మనిషన్నమాట. ఆ రోజు జెమీమా రోడ్రిగ్స్ కొట్టిన 127 పరుగుల గురించి అందరూ మాట్లాడారు, మాట్లాడాలి కూడా. కానీ అవతలివాళ్లు 338 దగ్గర ఆగకుండా 370 చేసి ఉంటే ఆ 127 సరిపోయేదా? నవంబర్ 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి మనవాళ్లు కప్పు తెచ్చారు. ఇది జరిగిన పాతిక రోజులకే వేలం వచ్చింది. ఆ పాటికి కోటీ 30 లక్షలంటే ఎక్కువని ఎవరైనా అనగలరా? తక్కువేమోనని అనేవాళ్లూ లేకపోలేదు.

అయితే 2024 డిసెంబర్‌లో ఆ 55 లక్షలు ఎందుకిచ్చినట్టు? అప్పుడు కప్పు లేదు, ఇంగ్లండ్ లేదు. ఇచ్చినవాళ్లు ఏం చూసి ఇచ్చారు?

వయసులో చిన్నవాళ్లకు ఇచ్చే పెద్ద మొత్తాలన్నీ ఇలాంటివే. చేసిన పనికి కూలి కాదది, చెయ్యబోయే పని మీద నమ్మకం. మనం చీటీ వెయ్యడం లేదూ? నెలనెలా కట్టేది చేతికొచ్చే రోజు మీద నమ్మకంతోనే కదా. ఒక్కోసారి చీటీ మునుగుతుంది కూడా. జట్ల యజమానులకూ అదే. తేడా ఏమిటంటే, వాళ్లకు మునిగినా ఇల్లు గడుస్తుంది.

ఈ నమ్మకం ఎలా పండుతుందో చెప్పడానికి మన హైదరాబాద్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. 2017 ఫిబ్రవరిలో మహమ్మద్ సిరాజ్‌ను సన్‌రైజర్స్ జట్టు 2 కోట్ల 60 లక్షలకు తీసుకుంది. వేలంలో అతని కనీస ధర 20 లక్షలు. తండ్రి మహమ్మద్ గౌస్ ఆటో నడిపేవారు. ఆ ఏడాది రంజీలో అతను 41 వికెట్లు తీసిన మాట నిజమే గానీ, ఊరంతా మాత్రం 'ఆటో నడిపేవాళ్ల అబ్బాయికి ఇన్ని కోట్లా' అని ముక్కున వేలేసుకుంది. తరవాత బెంగళూరు జట్టులో రెండు సీజన్లు బాగా పోలేదు. 'క్రికెట్ మానేసి మీ నాన్నతో పాటు ఆటో తోలుకో' అని జనం తనను ఎద్దేవా చేశారని సిరాజే తరవాత చెప్పుకున్నాడు. అప్పటికప్పుడు లెక్క తీసినవాళ్లు 'డబ్బు దండగ' అని తీర్పు రాసేసి ఉంటారు. 2020 నవంబర్‌లో అతను ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయారు. అతను అక్కడే ఉండిపోయి ఆడాడు. 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీసి, వచ్చిన బహుమతి సొమ్మును మైదానం సిబ్బందికి ఇచ్చేశాడు. 2024 నవంబర్‌లో గుజరాత్ జట్టు అతనికి 12 కోట్ల 25 లక్షలు పెట్టింది. 2018లో లెక్క తేల్చేసిన పెద్దమనుషులు ఇప్పుడేమంటారో మరి.

అందుకని చిన్నవాళ్లకు ఇచ్చేదంతా సద్వినియోగమేనని నేను అనను. దెబ్బ తగిలితే? ఆటలో పెట్టుబడి అంతా ఒంట్లోనే ఉంది. ప్రతీకా రావల్ సంగతి చూడండి. అదే ప్రపంచకప్‌లో 308 పరుగులు చేసి, అక్టోబర్ 26న బంగ్లాదేశ్‌తో మ్యాచ్‌లో చీలమండ దెబ్బతిని, సెమీఫైనల్‌కు ముందు జట్టుకు దూరమైంది. ఆమె స్థానంలో వచ్చిన షఫాలీ వర్మ ఫైనల్లో 87 పరుగులు కొట్టి, రెండు వికెట్లు కూడా తీసింది. కప్పు అందుకున్న వేళ ప్రతీక చక్రాల కుర్చీలో ఉంది. వేలంలో ప్రతీకకు 50 లక్షలు వచ్చాయి. ఒక్క అడుగు తప్పుగా పడితే ఒక ఆటగత్తె జీవితం అంత మారుతుంది. దీన్నిబట్టి కొందరు 'ఇంత అనిశ్చితమైన దానికి అంత డబ్బా' అంటారు. నేను దీన్నే తిప్పి చూస్తాను. అంత అనిశ్చితమైంది కాబట్టే, ఉన్న నాలుగేళ్లలో పది మందికీ వచ్చినంత రావాలి. ముప్ఫై అయిదేళ్లు దాటాక వీళ్లలో చాలామందిని ఆడమనేవాళ్లుండరు. పైగా ఆ కోటీ 30 లక్షల్లో సుమారు మూడో వంతు ఆదాయపు పన్నుకే పోతుంది. ఆ ముక్క టీవీవాళ్లు చెప్పరు.

21 ఏళ్ల పిల్లకు అంత డబ్బిస్తే చెడిపోతుందని మరో మాట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. 21 ఏళ్ల పిల్లకు మనం పెళ్లి చేస్తాం. కొత్త ఊరు, అత్తమామలు, ఆడపడుచులు, వెంటనే ఒక బిడ్డ. ఇంతా ఆ పిల్ల మోయగలదని మనకు నమ్మకం. బ్యాంకులో కోటి రూపాయలు మాత్రం మోయలేదా?

వేలం పద్ధతిలో ఉన్న గమ్మత్తు కూడా చెప్పుకోవాలి. ఉన్నవి అయిదే జట్లు. ఒక్కో జట్టుకు మొత్తం 15 కోట్లు, గరిష్ఠంగా 18 మంది. అంటే సగటున మనిషికి 83 లక్షలు. ఢిల్లీ జట్టు వేలానికి ముందు శ్రీ చరణిని అట్టే పెట్టుకోలేదు. వదిలేసి, వేలంలోకి వచ్చాక తన 55 లక్షలను రెట్టింపుకు పైగా పెంచి మళ్లీ తెచ్చుకుంది. దీప్తి శర్మది ఇంకా విచిత్రం. ప్రపంచకప్ మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి, 22 వికెట్లు, 215 పరుగులు. ఆమె పేరు పిలిస్తే మొదట ఢిల్లీ ఒక్కటే చెయ్యెత్తింది, అదీ కనీస ధర 50 లక్షలకు. పాత జట్టు యూపీ వారియర్జ్ 'మా మనిషి మాకే కావాలి' అనే హక్కు వాడుకుంది. అప్పుడు ఢిల్లీ తన పాటను ఒక్కసారిగా 3 కోట్ల 20 లక్షలకు ఎత్తేసింది. యూపీ అంతా ఇచ్చుకోవలసి వచ్చింది. నిమిషం కిందట 50 లక్షల మనిషి, నిమిషం తరవాత 3 కోట్ల 20 లక్షల మనిషి! ఈ మధ్యలో ఆమె ఒక్క బంతి కూడా వెయ్యలేదు. ఆస్ట్రేలియా కెప్టెన్ అలీసా హీలీని ఆ రోజు ఎవరూ తీసుకోలేదు. ఆమె ఆడటం మరచిపోయిందా? విశాఖలో మన మీద 142 కొట్టింది ఆమేనాయె.

ఇంత చెప్పింది ఎందుకంటే, 'అర్హత' అన్నమాటను వేలం ధరకు కట్టేస్తే మన పిల్లల్లో చాలామందికి అన్యాయం జరుగుతుంది. గొంగడి త్రిషది అదే కథ. భద్రాచలం అమ్మాయి. కూతురి ఆట కోసం తండ్రి రామిరెడ్డి అక్కడి జిమ్ అమ్ముకుని, సికింద్రాబాద్ వచ్చేశారు. 2023లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టులో త్రిష ఉంది. 2025 జనవరిలో కౌలాలంపూర్‌లో స్కాట్లండ్ మీద 59 బంతుల్లో 110 పరుగులు చేసింది. అండర్-19 అమ్మాయిల ప్రపంచకప్ చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఫిబ్రవరి 2న ఫైనల్లో 15 పరుగులకు 3 వికెట్లు తీసి, మళ్లీ బ్యాటుతో 44 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచింది. టోర్నమెంట్ మొత్తంలో 309 పరుగులు, 7 వికెట్లు. ఉత్తమ క్రీడాకారిణి బహుమతి ఆమెకే. అయినా ఆ వెంటనే మొదలైన 2025 లీగ్‌లో ఏ జట్టులోనూ ఆమెకు చోటు లేదు. నవంబర్ వేలంలో యూపీ జట్టు తీసుకుంది. ఎంతకు? 10 లక్షలకు.

శ్రీ చరణి 1 కోటీ 30 లక్షలు, త్రిష 10 లక్షలు. ఒకరు మరొకరికి పదమూడు రెట్లా? పెద్దల జట్టులో నెగ్గుకొచ్చిన బౌలరుకూ, కుర్రజట్టులో మెరిసిన అమ్మాయికీ తేడా ఉండాలన్నది నిజమే. ఎడమచేతి స్పిన్నర్లు తక్కువ కావడం, ఓపెనింగ్ బ్యాటర్లు ఎక్కువ కావడం మరో కారణం. కారణాలు అర్థమయ్యాయి కాబట్టి తేడా న్యాయమైపోదు. నన్నడిగితే, 'శ్రీ చరణికి అంతెందుకు' అన్న ప్రశ్న కంటే 'త్రిషకు ఇంతేనా' అన్న ప్రశ్న మీద మనం ఎక్కువసేపు కూర్చోవాలి. జిమ్ అమ్ముకున్న తండ్రి లెక్కలో ఆ 10 లక్షలు ఎంత? (2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం త్రిషకు కోటి రూపాయలు ప్రకటించింది. దాని సంగతి కిందకొస్తాను.)

అసలు ఈ సొమ్ము ఎవరిది? చాలామంది దీన్ని మన పన్నుల డబ్బనుకుంటున్నారు. కాదు. 2023లో ఈ లీగ్ మొదలైనప్పుడు అయిదు జట్లను అమ్మితే బోర్డుకు 4,669 కోట్ల పైచిలుకు వచ్చింది. టీవీ హక్కులు అయిదేళ్లకు 951 కోట్లకు పోయాయి. అంటే ఏడాదికి 190 కోట్లు. ఆటగత్తెలందరి మీదా కలిపి జట్లు పెట్టే ఖర్చు, అయిదు పదిహేన్లు, 75 కోట్లు. ఈ అమ్మాయిల ఆట చూపించి వచ్చే డబ్బులో వాళ్ల చేతికి వస్తున్నది ఈ మాత్రమే. గాజులు చేసే మన ఆడవాళ్లకు ఈ లెక్క చెబితే ఇట్టే అర్థమైపోతుంది. లాడ్‌బజార్ దుకాణంలో జత ఎంతకు అమ్ముడవుతుందో, దానికి రాళ్లతికించిన చేతికి ఎంత ముడుతుందో వాళ్లకు తెలియందా?

అదే మగపిల్లల వైపు చూస్తే, 2024 నవంబర్‌లో ఒక్క రిషబ్ పంత్‌కు 27 కోట్లు వచ్చాయి. అమ్మాయిల జట్లు రెండింటికి పూర్తిగా ఇచ్చేదాని కన్నా మూడు కోట్లే తక్కువ. 2022 అక్టోబర్‌లో బోర్డు మ్యాచ్ ఫీజులు ఆడామగా తేడా లేకుండా సమానం చేసింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. మెచ్చుకోవలసిందే. కానీ ఏడాది కాంట్రాక్టుల్లో? 2025లో ప్రకటించిన జాబితాల్లో మగవాళ్ల పై గ్రేడుకు 7 కోట్లు, ఆడవాళ్ల పై గ్రేడుకు 50 లక్షలు. ఇది మన దేశపు జబ్బే అనుకోనక్కర్లేదు. అమెరికాలో బాస్కెట్‌బాల్ చూడండి. 2024లో కెయిట్లిన్ క్లార్క్ అనే 22 ఏళ్ల అమ్మాయిని ఆ దేశపు మహిళా లీగ్ మొట్టమొదటగా ఎంపిక చేసుకుంది. స్టేడియాలు ఆమె పేరు మీద నిండాయి. మొదటి ఏడాది జీతం 76 వేల డాలర్ల పైచిలుకు. అంతకు ముందటి ఏడాది మగవాళ్ల లీగ్‌లో మొదటగా ఎంపికైన కుర్రాడికి కోటీ 20 లక్షల డాలర్లకు పైనే. అక్కడ ఆ అమ్మాయికి ఇచ్చేది ఎక్కువా అని కాదు, ఇంత తక్కువా అని గొడవ జరిగింది.

మన అమ్మాయిలు ఇక్కడికి ఎక్కడ నుంచి వచ్చారో మరచిపోకూడదు. సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ 1999 జూన్‌లో తన మొదటి వన్డేలోనే 114 పరుగులు చేసింది. 2005లో ఆమె కెప్టెన్సీలో జట్టు దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లింది. అప్పుడు మ్యాచ్‌కు వెయ్యి రూపాయల చొప్పున ఇచ్చారని మిథాలీయే చెప్పింది. 2006లో మహిళల క్రికెట్ బోర్డు చేతికి వచ్చింది. ఏడాది కాంట్రాక్టులు 2015లో గానీ మొదలు కాలేదు. మిథాలీకి ముందు ఆడిన పూర్ణిమా రావు వంటి మన హైదరాబాద్ అమ్మాయిలకు ఆ వెయ్యి కూడా కల. వాళ్ల ఆటకు విలువ లేకనా? కొనేవాళ్లు లేక. ఇప్పుడు కొనేవాళ్లొచ్చారు. ఇప్పుడొచ్చి 'విలువ ఉందా' అని అడగడం మాత్రం మగవాళ్ల విషయంలో మనం ఎప్పుడూ చెయ్యని పని.

ప్రభుత్వాలిచ్చే కానుకల సంగతి వేరు. ప్రపంచకప్ గెలిచాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీ చరణికి రెండున్నర కోట్ల నగదు, కడపలో వెయ్యి గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. తెలంగాణ 2024లో సిరాజ్‌కు, నిఖత్ జరీన్‌కు డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది. ఇది మన సొమ్ము, కాబట్టి ఇక్కడ మనకు అడిగే హక్కుంది. ఆ అమ్మాయికి వద్దని కాదు. బంగారంలాంటి పేరు తెచ్చింది, సన్మానించుకోవాలి. కానీ గెలిచిన రోజున ఇచ్చే కోట్లు గెలిచినవాళ్లకు చేరతాయి, అంతే. పదో తరగతిలో ఆట మానేసిన పిల్లకు చేరవు. మన ఛత్రినాక, గౌలిపురా, ఉప్పుగూడ బడుల్లో ఆడపిల్లలు ఎందుకు ఆట మానేస్తున్నారో కారణాలు అందరికీ తెలుసు. పీఈటీ మేడమ్ ఉండదు. బాత్రూముకు తలుపుండదు. గ్రౌండు ఉన్నచోట మగపిల్లలు ఆక్రమించేసి ఉంటారు. పెద్దమనిషైతే ఇంట్లో ఆపేస్తారు. లాల్‌దర్వాజా నుంచి కులీ కుతుబ్‌షా స్టేడియం మరీ దూరమేమీ కాదు. కానీ పదమూడేళ్ల పిల్ల సాయంత్రం ఒంటరిగా అక్కడిదాకా వెళ్లి రావాలంటే ఏ తల్లి ధైర్యంగా పంపుతుంది? సన్మానాల పద్దులో నాలుగో వంతు దీనికి పెట్టినా ఎంత తేడా వస్తుందో ఆలోచించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఇంటి లోపలిది. ఈ డబ్బు ఎవరి చేతికి వెళుతుంది? ఇప్పుడు పేర్కొన్న అమ్మాయిల ఇళ్ల గురించి కాదు, మొత్తంగా మన ఇళ్ల గురించి అడుగుతున్నాను. ఉద్యోగం చేసే ఆడపిల్ల ఏటీఎం కార్డు అన్నయ్య జేబులో ఉండటం మనకు కొత్త కాదు. కొన్న స్థలం నాన్న పేరు మీద, తీసుకున్న కారు తమ్ముడి పేరు మీద. 'దాని పెళ్లికేగా' అని జవాబు. కోటి సంపాదించిన పిల్లకు కూడా కట్నం గురించి మాట్లాడే మహానుభావులున్నారు మన ఊళ్లో. కాంట్రాక్టు కాగితాలు ఇంగ్లిషులో పాతిక పేజీలుంటాయి. దెబ్బ తగిలితే ఎంతిస్తారు, మధ్యలో మానిపిస్తే ఏమిటి, ప్రకటనల్లో బొమ్మ వాడుకుంటే ఎవరికెంత, ఏజెంటు వాటా ఎంత. ఇవన్నీ చదివి అర్థం చేసుకుని సంతకం పెట్టవలసింది ఆ పిల్లే. నాన్నో బాబాయో కాదు. వాళ్లు పక్కన కూర్చోవచ్చు, సలహా చెప్పవచ్చు. ఆడపిల్లకు ఇంత డబ్బు న్యాయమా అని అడిగే మనం, ఆ డబ్బు మీద ఆ పిల్లకే అధికారం ఉందా అని కూడా అడగాలి కదూ?

నా మటుకు నేను శ్రీ చరణికి కోటీ 30 లక్షలు న్యాయమేనంటాను. రేపు ఆమె ఒక సీజను సరిగ్గా ఆడకపోయినా ఈ మాట వెనక్కి తీసుకోను, ఎందుకంటే సిరాజ్‌కు ఇచ్చినంత ఓపిక ఆమెకూ ఇవ్వాలి. ఆడపిల్ల ఒకసారి తప్పితే 'చూశావా, నే చెప్పలా' అనడానికి సిద్ధంగా ఉండే అలవాటు మాత్రం మానుకుందాం.

పెద్ద అంకెల హడావుడిలో ఒక చిన్న అంకె ఎవరి కంటా పడకుండా పోయింది. 2025 డిసెంబర్‌లో క్రికెట్ బోర్డు దేశవాళీ సీనియర్ అమ్మాయిలకు రోజు ఫీజును 20 వేల నుంచి 50 వేలకు పెంచింది. ఇది వేలంలోకి ఎక్కే పిడికెడు మందికే కాదు, హైదరాబాద్ జట్టుకు, ఆంధ్ర జట్టుకు ఆడే అమ్మాయిలందరికీ వర్తిస్తుంది. ఏడాదికి ఓ పదిహేను రోజులు ఆడినా ఏడున్నర లక్షలు. ఒక మధ్యతరగతి తండ్రి 'సరే, ఆడుకో తల్లీ' అనడానికి ఆ ఏడున్నర లక్షలు చాలు. ఇక కావలసింది ఆ జట్టు దాకా వెళ్లే దారి. పాతబస్తీలో ఆడపిల్లలకు వారానికి మూడు సాయంత్రాలు ప్రత్యేకంగా ఒక గ్రౌండు, అక్కడ ఒక మేడమ్, చీకటి పడితే లైటు. ఈసారి ఓట్లడగడానికి మన గల్లీలోకి వచ్చేవాళ్లను నీళ్ల గురించి, డ్రైనేజీ గురించి అడిగాక, ఈ మూడింటి గురించి కూడా అడగండి.